గుడ్డు పక్కన వెండి

సాల్మన్ చేపలకు వేసే ఈకల ఎరలకు స్పే నది ఒడ్డున ఏటా పోటీ పెడతారు. నిబంధన ఒక్కటే: ఎర ఒంటికి చుట్టిన జరీ అసలు వెండిదై ఉండాలి. ఈసారైనా పొరుగింటి టార్క్విల్‌ను ఓడించాలని ఊనా చలికాలమంతా కూర్చుని ఒక ఎర కట్టింది.

తీరా పోటీ బల్ల దగ్గర పెట్టె తెరిస్తే, దాని జరీ మాడిన పెనంలా నల్లబడి ఉంది. అదే పెట్టెలో టార్క్విల్ ఎర తళతళలాడుతోంది. రెండింటినీ సర్ది తెచ్చింది ఊనా మొగుడు గ్రెగర్.

"ఇందులో ఇంకేం పెట్టావయ్యా?"

"గుడ్డు శాండ్‌విచ్‌లు. రాత్రే సర్దేశా. ముందుచూపు!"

"నీ ముందుచూపు తగలెయ్య!"

టార్క్విల్ జాలిపడ్డాడు. "వంటింట్లో కట్టావు కదా వదినా, మసి అంటుకుని ఉంటుందిలే."

ఊనా రెండు ఎరలనూ పక్కపక్కన పెట్టి చూసింది. గుడ్డు తగిలినా, పక్కన ఉన్నా వెండి నల్లబడుతుంది. పెళ్లినాటి చెంచాలు తోమి తోమి ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. మరి రాత్రంతా అదే గుడ్డు పక్కన పడుకున్న టార్క్విల్ జరీకి ఏమీ కాలేదేం?

"జడ్జిగారూ," అంది తీయగా, "ఆ మెరిసేదాన్ని ఒక్కసారి గోటితో గీకండి."

జడ్జి గీకాడు. ప్లాస్టిక్ పొర లేచి వచ్చింది. టార్క్విల్‌కు ఉన్నట్టుండి నది మీద ఆసక్తి కలిగింది.

బహుమతి చంకన పెట్టుకుని ఊనా ఇంటికి నడుస్తుంటే, ఆఖరి శాండ్‌విచ్ నములుతూ గ్రెగర్ అన్నాడు:

"చూశావా నా ముందుచూపు?"