పాత దారిలో చివరి కాల్

ఊళ్లో ఎవరికి గుండె పట్టేసినా ఫోను మా ఆఫీసుకే వస్తుంది. ఏ అంబులెన్సు ఏ దారిన వెళ్లాలో చెప్పే సాఫ్ట్‌వేర్‌ని మేము ముసలమ్మ అంటాం. మొదలైన నాటి నుంచి అది ఆగలేదు. దాన్ని రాసింది మా మావయ్య, అమ్మకి తమ్ముడు. నాకు ఈ విద్య నేర్పిందీ, ఈ కుర్చీలో ఇరికించిందీ ఆయనే. రిటైరయినా, నేను ఇంటికెళితే ముందు ముసలమ్మ కుశలమే అడుగుతాడు.

ఆపకుండా మార్చడానికి ఆయన పద్ధతి ఒకటే. కొత్త కోడ్‌ని పాతదాని పక్కన పెట్టాలి. ఇక వచ్చే కాల్స్ కొత్తదాని మీద నడుస్తాయి. అప్పటికే మొదలైనవి ముగిసేదాకా పాతదాని మీదే ఉంటాయి, వాటిని ఎవరూ ముట్టుకోలేరు. "తింటున్నవాడి ముందు నుంచి కంచం లాగకూడదమ్మాయ్" అనేవాడు.

ఆ మధ్యాహ్నం కాలువ మీద వంతెన పగుళ్లిచ్చిందని ఉన్నట్టుండి మూసేశారు. ముసలమ్మ మాత్రం బళ్లని అటే తోలుతోంది. డ్రైవర్లలో ఫోను అందినవాళ్లకి అందింది, లేనివాళ్లకి లేదు.

"కాసేపు ఆపి మారుద్దామండీ" అన్నాను.

"ఆపితే మళ్లీ లేస్తుందని రాసిస్తావా?" అన్నాడు మేనేజరు.

రాసివ్వలేను. దాన్ని ఆపి చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఆయనకేమో పాము చావాలి, కర్ర విరగకూడదు. ఒళ్లు మండినా కూర్చుని, వంతెన లేని దారులతో కొత్త కోడ్ రాశాను. కొత్తదాన్ని ఎక్కించే మీట నొక్కేముందు మరోసారి చదువుకోమన్నదీ మావయ్యే. చదువుతుండగా తెర మీద ఒక కాల్ వచ్చింది. చిరునామా మావయ్య ఇల్లు. ముసలమ్మ అప్పుడే దారి గీసేసింది, వంతెన మీదుగా.

మీట నొక్కి, డ్రైవరుకి ఫోను చేశాను.

"వంతెన దగ్గరే ఉన్నానమ్మా. ముందు అడ్డం కట్టారు, వెనకంతా బళ్లు. తిప్పుకునే చోటు లేదు" అన్నాడు.

అదే చిరునామాతో ఇంకో కాల్ రాయించాను. ఖాళీగా ఉన్న బండి ఊరి అవతలి కొసన ఉంది. చుట్టుదారిన బయలుదేరింది. ఇంతలో అత్తయ్య ఫోను.

"బండి వస్తోందిటే? మీ మావయ్య అడుగుతున్నారు, ముసలమ్మ ఏ దారిన పంపిందని."

"వస్తోంది అత్తయ్యా."

"మాట్లాడొద్దంటే వినరు. మధ్యలో దేన్నీ కెలకొద్దని నీకు చెప్పమంటున్నారు."

సరేనన్నాను. కెలుకుదామన్నా నా చేతిలో ఏమీ లేదు. పాతవన్నీ ముగిసేదాకా కుర్చీ వదలకూడదని మేనేజరు తలుపు దగ్గరే నిలబడ్డాడు. పాత దారిలో మిగిలిన కాల్స్ ఎన్నో తెర చూపిస్తూ ఉంటుంది. నాలుగు రెండయ్యాయి, రెండు ఒకటయింది. ఆ ఒకటి, మావయ్యది, కదలలేదు. దాన్ని చూస్తూ, ఆ పద్ధతి పెట్టిన మావయ్యని తిట్టుకుంటూ, ఏడుస్తూ కూర్చున్నాను.

రోగిని ఆసుపత్రిలో దించితే కాల్ ముగుస్తుంది. ఇక అవసరం లేదని ఇంటివాళ్లే చెప్పినా ముగుస్తుంది. రెండు బళ్లూ ఇంకా దారిలోనే ఉన్నాయి. పాత దారిలో మిగిలిన ఆ ఒకటి సున్నా అయింది. "మార్పు పూర్తయింది" అని తెర మీద వచ్చింది.

"చూశావా, ఆపకుండానే అయిపోయింది. ఒక్క కాల్ కూడా తెగలేదు" అన్నాడు మేనేజరు.

అప్పుడే మరో కాల్ వచ్చింది, మావయ్య వాళ్ల పక్క వీధి నుంచి. ముసలమ్మ బండిని చుట్టుదారిన, సరిగ్గా పంపింది.