నేల కింద నీళ్ల చప్పుడు

మొగుడు పిలిస్తే పలకకపోతే ఏ ఆడదైనా ముందు అనుకునేది చెవుడని కాదు, పొగరని. నేనూ అదే అనుకున్నాను. ముప్పై ఏళ్ల కాపురంలో నా మాట ఆయన చెవికెక్కింది ఎప్పుడు గనక, ఇప్పుడు కొత్తగా ఎక్కకపోవడానికి? గోడకు చెప్పినా ఈపాటికి రెండు పెచ్చులు రాలేవని వంటింట్లో నా మానాన నేను గొణుక్కునేదాన్ని.

అలాంటి మనిషికి ఉద్యోగం ఏమిటో తెలుసా? వినడం. నగర నీటి శాఖలో మా ఆయన లీకులు వినే మనిషి. ఛాతీ ఎత్తు ఇనుప కడ్డీ ఒకటి, దాని పై కొసన చిన్న మూతంత బిళ్ల. కడ్డీ అడుగు వీధిలోని వాల్వు మీద ఆనించి, బిళ్లకు చెవి పెట్టి వింటారు. కింద పైపు చిల్లిపడి కారుతుంటే ఆ చప్పుడు కడ్డీ వెంట పైకి పాకుతుంది. పెద్ద రోడ్లకు మిషన్లు వచ్చాయి గానీ మా వార్డు సందులకు ఇప్పటికీ ఆ కడ్డీయే దిక్కు. బళ్లు తిరగకముందు, తెల్లవారుతుండగా చేసుకోవాల్సిన పని అది.

నాలుగేళ్ల కిందట రొట్టెల కొట్టు మలుపులో విని, పుస్తకంలో "బాగుంది" అని రాశారు. మూడో రోజున అక్కడే రోడ్డు కుంగి, పాల వ్యాను చక్రం దిగబడింది. ఒక్కరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. పైపన్నాక పగలదా అన్నారు. ఆయన మాత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోకుండా అలాగే ఉండిపోయారు. నాకెందుకో అనుమానం వచ్చింది. ఆయన వెనక్కి వెళ్లి చేతిలోని స్టీలు పళ్లెం కావాలనే కింద పడేశాను. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. ఆయన భుజం కూడా కదల్లేదు. పొగరన్నాను, గోడన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. అవన్నీ ఆయనకు చేరనైనా లేదు.

మర్నాడు తెల్లవారకముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"నువ్వెక్కడికి?" అన్నారు.

"షుగరొచ్చిందట, డాక్టరు నడవమన్నాడు" అన్నాను, ఆయన మొహానికి ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిపి.

నా వైపు కాసేపు చూశారు. "మంచిదే. నాకూ నడుము పట్టేసింది, వంగలేకపోతున్నాను. కాస్త నువ్వు విని చెబుదువుగాని" అన్నారు.

నాకు షుగరు లేదు, ఆయనకు నడుము నొప్పి లేదు. ఒకరి అబద్ధం ఒకరం బుద్ధిగా నమ్మాం. ఆ తర్వాత నాలుగేళ్లు చెవుడన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

మొదటి నెల నాకు అన్నీ ఒకేలా వినపడ్డాయి. ఆయన ఓపిగ్గా నేర్పారు. మనుషులు వాడుకునే నీళ్ల చప్పుడు కాసేపటికి ఆగుతుంది, కారే నీళ్లది ఆగదు. అది మొదటి పాఠం. నేను విని, వీధి దీపం కిందికొచ్చి, ఆయనకు ఎదురుగా నిలబడి నా భాషలో చెప్పేదాన్ని. "తాలింపు వేసినట్టుంది", "చీర చింపుతున్నట్టుంది", "ముసలాయన గురకలాగుంది" అని. ఆయన కళ్లు మూసుకుని, ఆ వీధి కింద ఏ పైపు ఎటు తిరుగుతుందో తలచుకుని, "అదిగో, ఆ మెట్ల దగ్గర తవ్వించాలి" అనేవారు. తవ్వితే అక్కడే ఉండేది. వంద బిందెలు వదిలితే ముప్పైరెండు నేలపాలయ్యే వార్డు, నాలుగేళ్లకు పదకొండుకు దిగింది.

ఆ పదకొండే మా కొంప మీదికి తెచ్చింది.

మా ఆడపడుచు కూతురు నగర కార్యాలయంలో పనిచేస్తుంది. సుస్థిరత విభాగమట, ఊళ్లో గాలీ నీరూ పాడవకుండా చూసేది. ఆ మాటకు నోరు తిరగడానికే నాకు రెండు రోజులు పట్టింది. ఒక సాయంత్రం మొహం వెలిగిపోతూ వచ్చింది.

"అత్తయ్యా, బ్యాటరీలు చేసే పెద్ద విదేశీ కంపెనీ ఫ్యాక్టరీకి చోటు వెతుక్కుంటోంది. మూడు ఊళ్లు మిగిలాయి, అందులో మనదొకటి."

"పన్ను తగ్గిస్తామంటే వస్తారు, అదేం భాగ్యం" అన్నాను.

"అది మూడు ఊళ్లూ తగ్గిస్తామన్నాయి. వాళ్లు అడిగేవి వేరే. గాలెలా ఉంది, చెత్త ఎటు పోతోంది, బస్సులెన్ని తిరుగుతున్నాయి, నీళ్లెంత వృథా అవుతున్నాయి, ఇవీ. నలభై ఏళ్లు ఉండటానికి వచ్చేవాళ్లు మరి. అద్దె ఇల్లు చూడటానికి వెళ్తే నువ్వు ముందు కుళాయి తిప్పి చూడవూ? ఇదీ అంతే." తర్వాత మా ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, ఆయన మొహంలోకి చూస్తూ అంది. "నీళ్ల పేజీలో మీ వార్డే మనకు మొదటి లెక్క మామయ్యా. వాళ్ల తరఫున ఒక పెద్దావిడ వస్తోంది. నువ్వు వింటుంటే చూడాలంది."

ఆయన నా వైపు చూశారు. నేను స్టవ్ వైపు చూశాను.

రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. సంగతి బయటపడితే చెవిటివాడు నాలుగేళ్లు వినికిడి పని చేశాడని ఊరంతా నవ్వుతుంది. ఉద్యోగం పోతుంది. ఆ పిల్ల రాసిన పేజీ అబద్ధమవుతుంది. ఫ్యాక్టరీ ఇంకో ఊరు చూసుకుంటుంది. నాకైతే ఊరూ ఫ్యాక్టరీ తర్వాత. ఈ మనిషి నలుగురిలో తల దించుకోకూడదు, అంతే నాకు కావలసింది.

"జ్వరమని సెలవు పెట్టండి" అన్నాను ఆ పిల్ల వెళ్లాక.

"ముప్పై ఏళ్లలో పెట్టలేదు."

"అయితే ఆవిడను తీసుకొచ్చేది తపాలా ఆఫీసు ముందున్న వాల్వు దగ్గరికేనట. మీకసలే నడుము నొప్పి, అంతసేపు వంగలేరు. నేను ముందే విని వస్తాను."

విని వచ్చాను. వరసగా మూడు రోజులు విన్నాను. చీమ చిటుక్కుమనడం లేదు అక్కడ. లీకు లేదని ఒక్క మాట చెబితే గండం గడుస్తుంది.

ఆ ఉదయం తపాలా ఆఫీసు ముందు తాడు కట్టారు. తాడుకు అవతల కమిషనరు, ఇంజనీర్లు, చెవులకు గొట్టాలు తగిలించుకుని మిషనువాడు, మా పిల్ల. ఇవతల నాలాంటి జనం. వచ్చినావిడ అరవై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, కాళ్లకు బురద బూట్లు. ఆవిడ మాట మా పిల్ల మన భాషలోకి మార్చి చెబుతోంది. చూపించిన వాల్వు వైపు ఆవిడ ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపి, రోడ్డు దాటింది. అవతల వీధి మొదట్లో ఉన్న ఇంకో వాల్వు చూపించింది.

అది నేను వినలేదు.

ముందు మిషనువాడు విని, లీకుందన్నాడు. తర్వాత ఆయన కడ్డీ ఆనించారు, బిళ్లకు చెవి పెట్టారు. నాకు తెలుసు, ఆయనకక్కడ వినపడేదేమీ లేదు. ఎంతసేపు అలా ఉన్నారో. మిషను ఉందంది కదా, ఉందనేస్తే పోయేది. అనండి, అనేయండి అని నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

ఆయన లేచి నిలబడి కడ్డీ దులుపుకున్నారు.

"నాకు వినపడదు" అన్నారు.

లీకు వినపడడం లేదంటున్నాడనుకుని కమిషనరు నవ్వబోయాడు.

"అది కాదండీ. నాకు చెవులు పోయాయి. నాలుగేళ్లయింది. ఈ వార్డు విన్నది మా ఆవిడ. అదిగో, తాడు వెనకుంది. ఊహించి చెప్పవచ్చు గానీ, దాని మీద వీళ్లు నలభై ఏళ్లు బతకాలంట కదా."

మా పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది. అయినా ఒక్క ముక్క మింగకుండా ఆవిడకు చెప్పింది. ఆవిడ వచ్చి తాడు తనే ఎత్తి పట్టుకుంది. నేను వంగి అవతలికి వెళ్లాను. కడ్డీకి చెవి పెట్టాను. ఉంది చప్పుడు. ఆగడం లేదు. కానీ ఇన్నేళ్లలో నేను విన్న ఏ లీకులాగానూ లేదు. అందరూ నా మొహం చూస్తున్నారు. నాకు సిగ్గు ముంచుకొచ్చి, తల వంచుకునే ఆయనకు ఏదో సణిగాను.

"తలెత్తి గట్టిగా చెప్పవే" అన్నారు ఆయన. "వినపడదని చెప్పానుగా."

నలుగురిలో ఆ మాట ఎంత తేలిగ్గా అన్నారో. ఇన్నాళ్లూ మోసిన మూట దించేసిన మనిషిలా ఉన్నారు. నేనూ తలెత్తి, నడిరోడ్డు మీద గొంతు చించుకుని అరిచాను.

"పళ్ల సందుల్లోంచి గాలి పీల్చినట్టుందండీ."

"పెరిగి తగ్గుతోందా?"

"లేదు. ఒకటే తీరు."

"అవతలి వాల్వు దగ్గర?"

పరుగెత్తి వెళ్లి, విని వచ్చాను. "అక్కడ అసలు లేదు."

ఆయన కళ్లు మూసుకున్నారు. తెరిచి, మిషనువాడితో అన్నారు. "ఇది లీకు కాదు బాబూ. మొన్న ఇక్కడ రిపేరు చేసి వాల్వు సగమే తెరిచారు. ఇరుకులోంచి పోయే నీళ్లు అలాగే ఈల వేస్తాయి. తాళం ఇలా ఇవ్వు."

వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప తాళం పెట్టి ఆయన ఆరు చుట్లు తిప్పుతుంటే నేను మళ్లీ కడ్డీకి చెవి పెట్టాను. ఆరో చుట్టుకు నా చెవిలో చప్పుడు టక్కున ఆగిపోయింది. మిషనువాడు గొట్టాలు తగిలించుకుని విని, ఏమీ అనకుండా తీసేశాడు.

ఆవిడ ఆ రోజుతో వదల్లేదు. మా ఇద్దరినీ రెండు రోజులు తిప్పి పన్నెండు చోట్ల వినిపించింది. తవ్వి చూస్తే పదకొండు సరిపోయాయి. ఆయనకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఉన్నదున్నట్టు రాసిచ్చారు. నన్ను పనిలోకి తీసుకోకపోతే నాలుగేళ్ల లెక్కంతా చిత్తు కాగితమవుతుందని కమిషనరుకే తట్టింది. నన్ను వినడానికి వేశారు, ఆయన్ని కొత్తగా చేరినవాళ్లకు పైపుల దారి చెప్పడానికి ఉంచారు. మూడు నెలలకు ఫ్యాక్టరీ మన ఊరికేనని కబురూ వచ్చింది. తక్కిన రెండు ఊళ్ల అంకెలు మాకన్నా బాగున్నాయట గానీ, ఏ వాల్వు దగ్గర ఎవరు విన్నారంటే చూపించలేకపోయారట. మా పిల్ల వచ్చి వాళ్ల మామయ్య మెడ పట్టుకుని ఏడ్చింది.

అవన్నీ తర్వాతి సంగతులు. మొదటి రోజు ఇద్దరం ఇంటికి నడిచి వస్తున్నాం. ఉద్యోగం ఉందో ఊడిందో అప్పటికి తెలియదు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నారు నా పెదవుల వైపు చూస్తూ.

"రోడ్డు కుంగిన రోజే."

"మరి అడగలేదేం?"

"మీరు చెప్పారా?"

కొంత దూరం నడిచాం. తర్వాత నా వైపు చూడకుండా అన్నారు. "ఉద్యోగం పోతుందని దాచాననుకున్నావా? అదీ ఉందిలే. డాక్టరు చెప్పాడు, సన్నటి చప్పుళ్లు ముందు పోతాయట. నీళ్ల చప్పుడు తర్వాత పోయింది. అందరికన్నా ముందు పోయింది నీ గొంతే. నువ్వు తిడుతున్నావని నీ మొహం చూసి తెలుసుకోవడమే గానీ, నీ గొంతు వినక అయిదేళ్లు దాటింది. ఆ మాట నీకెలా చెప్పను?"

నాలుగేళ్లుగా ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఆయన కాపాడుకుంటూ వచ్చింది నన్ను.

ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాను. మొహం రెండు చేతులా పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. బజారులో జనం ఆగి చూస్తున్నారు. చూస్తే చూడనీ. ఈ అయిదేళ్లలో ఆయనకు చేరని మాటలు ఒక్కొక్కటే, పెదవులు బాగా కదుపుతూ, నిదానంగా చెప్పడం మొదలుపెట్టాను.