ప్రశ్నల పుస్తకానికి పరీక్ష

1893లో నేను రాజమహేంద్రవరంలో ఒక ఆడపిల్లల ట్రెయినింగు స్కూల్లో తెలుగు మేష్టారిని. అచ్చులో పడిన ప్రతి మాటా వేదవాక్కని నమ్మే పిల్లల్ని చూసి ఒళ్ళు మండి, ఒక చిన్న పుస్తకం రాశాను. ఏది చదివినా ఇది ఎవరు చెప్పారు, ఎవరి మేలు కోరి చెప్పారు, ఎవరి మాట ఇందులో లేదు అని అడగమన్నాను. కొత్తగా చదువు నేర్చేవాళ్ళకు కూడా అర్థమయ్యేలా తేలిక తెలుగులో పాఠాలు రాశాను. పండితులు నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

స్కూలు మేనేజరు దొరగారు మాత్రం షరతు పెట్టారు. సంవత్సర పరీక్షకు వచ్చే ఇనస్పెక్టరు మెచ్చితేనే పుస్తకం ఉంటుంది. లేకపోతే దాన్ని తీసేసి, నన్ను మళ్ళీ ఒకటో తరగతికి ఎక్కాలు చెప్పడానికి పంపేస్తారు.

పరీక్షకు వారం ముందు తరగతిలో అడుగుపెట్టేసరికి పిల్లలంతా ముందుకీ వెనక్కీ ఊగుతూ, "అచ్చయినంత మాత్రాన దేన్నీ నమ్మరాదు" అని ఒక్క గొంతుతో వల్లె వేస్తున్నారు. వీధిబడిలో చదువంటే వాళ్ళకు తెలిసింది అదే. కామాలతో సహా నా పుస్తకం కంఠస్థం చేసేశారు. వద్దని ఎంత మొత్తుకున్నా, ఒప్పజెప్పకపోతే మార్కులు రావు కదండీ అన్నారు.

పరీక్ష రోజు ఇనస్పెక్టరు గారు వరసగా ముగ్గుర్ని లేపారు. ముగ్గురూ గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పారు. ఆయన ఆవలింత ఆపుకున్నారు.

నాలుగో పిల్ల సంపూర్ణమ్మ, ధవళేశ్వరం దగ్గరి కూలివాళ్ళ అమ్మాయి. నా పుస్తకంలోని కాలువల పాఠం చెప్పమన్నారు. ఆనకట్ట కట్టి కాలువలు తవ్వించడం వల్ల అందరికీ మేలు కలిగిందని మొదలుపెట్టి, ఆగిపోయింది. మరిచిపోయిందనుకున్నాను. ఆమె నావైపు తిరిగింది.

"ఇది మీరే రాశారు కదండీ. ఆ కాలువ మా తాత తవ్వాడండి. ఆ నీళ్ళు పెట్టుకోడానికి ఆయనకి సెంటు భూమి లేదు. మేలు కలిగిందో లేదో ఆయన్ని అడిగారాండీ?"

అడగలేదని ఒప్పుకున్నాను.

ఇనస్పెక్టరు గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. తరవాత మేనేజరుగారితో, ఈ పిల్ల పుస్తకం చదివింది, పుస్తకం ఉండనివ్వండి అన్నారు. హమ్మయ్య! వారం రోజులుగా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాను. సిగ్గూ వేసింది, అయినా ఆ సంతోషం ముందు అది లెక్కలోకి రాలేదు.

సాయంత్రం సంపూర్ణమ్మను పిలిచి, ఆ వాక్యం దిద్దుతాను, ఏమని రాయమంటావని అడిగాను.

"నన్నెందుకండీ? మా తాత బతికే ఉన్నాడు."