బరువెక్కించి పెట్టిన లైటు

అయినా దీన్ని లైటని ఎవరైనా అంటారా, పాచి పట్టిన పన్నులా పసుపెక్కిపోయింది, గోటితో గీకితే పొడి రాలుతోంది, లోపల బల్బు వెలుగుతోందో లేదో వంగి చూస్తే తప్ప తెలియడం లేదు, మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, బట్టల అలమర, ఇంటికి కావలసినవన్నీ కడుపులో పెట్టుకుని రోడ్డెక్కే ఇంత పెద్ద మోటార్‌హోమ్‌కి ముందున్న రెండు లైట్లూ ఇలా ఏడుస్తుంటే కొనేవాడు దేన్ని చూసి కొంటాడు, చీకటి పడే వేళకి వస్తానన్నాడు ఆ మనిషి, లైట్లు వేసి చూపించండి, అవి సరిగ్గా లేకపోతే ఇక మాట్లాడుకోవడమే దండగ అన్నాడు ఫోన్‌లో, సరేనన్నాను, ఎందుకనను, ఈ బండి పోతే బావకీ నాకూ మధ్య ఉన్న ఆఖరి ముడి తెగిపోతుంది, అక్కా నేనూ కలిసి కొన్న బండి ఇది, నాన్న పోయాక ఆయన లారీల షెడ్డు అమ్మేసి కొన్నాం, రెండు కుటుంబాలూ కలిసి ఊళ్ళు తిరుగుదామని, కలిసి తిరగడం, ఆ ముచ్చటా తీరింది, నీళ్ళలో తడిపిన ఉప్పుకాగితం పెట్టి రుద్దుతున్నాను, రుద్దేకొద్దీ పసుపు నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి, కారనీ.

కళ్ళద్దాల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసి బతికేదాన్ని, నాకు అరగదీయడం ఎవరూ నేర్పక్కర్లేదు, గరుకు కాగితం అడ్డంగా, తరవాతది నిలువుగా, ఆ తరవాతది మళ్ళీ అడ్డంగా, వెనకటి గీతలు పోయేదాకా ముందుకి వెళ్ళకూడదు, చివర మెత్తటి గుడ్డతో పాలిష్, దానిమీద ఎండకి తట్టుకునే పూత, ఆ పూత వెయ్యకపోతే ఇవాళ తళతళలాడినా వచ్చే ఏటికి కథ మళ్ళీ మొదటికొస్తుంది, ఇదంతా ఆ మహానుభావుడికి చెప్పాను ఒకసారి, బావగారూ, అప్పుడప్పుడూ పూత వేయించండి, బండిని నీడన పెట్టండి అని, ఆయన పళ్ళికిలించి, లైటుకి కూడా ముఖానికి రాసే క్రీము రాయాలా మరదలా అన్నాడు, తన జోకుకి తనే ముందు నవ్వుతాడు, మనం నవ్వేదాకా మన ముఖంలోకి చూస్తూ కూర్చుంటాడు, అన్నం నములుతూ మాట్లాడతాడు, ఎవరి ఫోన్ మోగినా ఎవరది అంటాడు, బండి నడిపేటప్పుడు ఒక చెయ్యి కిటికీ బయట వేలాడేస్తాడు, పక్కన కూర్చున్న అక్క ఎదురుగా లారీ అంటే, కనపడుతోందిలే, కళ్ళున్నాయి నాకు అంటాడు, అక్కకి స్టీరింగ్ పట్టుకోవడం రాదు, నేర్చుకోనివ్వలేదు, బండికి గీత పడుతుందట, అలాంటి మనిషితో ఎలా వేగుతున్నావే, వదిలేసి వచ్చెయ్యి అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను, చూద్దాంలేవే అనేది, ఆ చూద్దాంలే వింటే నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరిసారి అందరం కలిసి వెళ్ళినప్పుడు ఎవరో కుళాయి కట్టెయ్యడం మరచిపోయి ట్యాంకులో నీళ్ళన్నీ పోయాయి, ఎవరు కట్టలేదని అడిగాను, అడగడం తప్పా, భోజనాల బల్ల దగ్గర, ఇదే బండిలో, మోకాళ్ళు మోకాళ్ళు తగిలేంత ఇరుకులో, ఆయన చెంచా పైకెత్తి, నీ నోటికి దడిసి మీ ఆయన ఎప్పుడో చెవిటివాడైపోయాడు, ఇక మా వంతు అన్నాడు, మా ఆయన నవ్వాడు, సరే, ఆయన దేనికైనా నవ్వుతాడు, కానీ అక్క కూడా నవ్వింది, పళ్ళెంలోకి తల దించుకుని భుజాలు కదిలేలా నవ్వింది, నేను చూశాను, ఆ తరవాత నేను ఈ బండి మెట్టెక్కితే ఒట్టు, మీరే తిరగండి, మీరే ఏలుకోండి అన్నాను, ఇదిగో ఇన్నాళ్ళకి అమ్మేద్దామంటే అక్క నోట్లోంచి వచ్చిన మాట నీ ఇష్టం, అంతే, పొద్దున నీ దుకాణం వెనక పెరట్లో పెట్టించి వెళ్తాను, తాళం కిటికీ మీద ఉంటుంది అంది, నేను దుకాణం తెరిచేసరికి బండి ఉంది, మనుషులు లేరు, తెచ్చి పెట్టినవాడు నా ముఖం చూడ్డానికి కూడా ఇష్టపడలేదన్నమాట, మంచిదే, నాకూ ఆ ముఖం చూడాలని లేదు.

రెండో లైటు కూడా తేటపడింది, పూత వేశాను, ఆరింది, ఇప్పుడు బానెట్ ఎత్తి చూస్తే బల్బులు ఏవో కొత్తవి, తెల్లగా కళ్ళు పొడిచేసేవి, చూడగానే తెలిసిపోయింది ఎవరి తెలివో, ఈ పాత లైటు వెనకాల ఉండే మెరిసే గిన్నె పాత రకం బల్బు కోసం చేసింది, అందులో ఇంకో రకం బల్బు దూరిస్తే వెలుగు ఎక్కడ పడాలో అక్కడ పడదు, చెదిరిపోతుంది, మన కళ్ళ ముందు తెల్లగా కనిపించి ఆహా అనిపిస్తుంది, నిజానికి దూరంగా రోడ్డు కనపడదు, పైపెచ్చు ఎదురుగా వచ్చేవాడి కళ్ళల్లో పడుతుంది, వాడు మనల్ని తిట్టుకుంటూ పోతాడు, కానీ కొనేటప్పుడు అట్టపెట్టె మీద ఏం రాసుందో అదే చూస్తారు ఈ జనం, ఎక్కువ వెలుగు అని రాస్తే ఎక్కువ కనపడుతుందనుకుంటారు, గడ్డి పెట్టేవాళ్ళు లేక, వాటిని పీకి పారేసి పాత రకమే కొత్తవి తెచ్చి వేశాను, వేలు తగలకుండా గుడ్డతో పట్టుకుని వేశాను, వేలి జిడ్డు అంటితే ఆ చోట వేడెక్కి బల్బు చిట్లుతుంది, ఇది కూడా ఆయనకి తెలియదు, పందెం కాస్తాను, లైటు వేద్దామని డ్రైవర్ సీట్లోకి ఎక్కబోతే మోకాలు స్టీరింగ్‌కి ఠక్కున కొట్టుకుంది, సీటు ముందుకి లాగేసి పెట్టాడు, అంత పొడుగు మనిషికి సీటు ముందుకెందుకు, నా మోకాలు పగలాలని కాకపోతే, అద్దం కూడా కిందికి వంచేసి ఉంది, తిట్టుకుంటూ వెనక్కి తోశాను.

పెరట్లో చదునైన చోట, ఎదురుగా ఏమీ లేని గోడ, లైటు మధ్య ఎంత ఎత్తులో ఉందో టేపుతో చూసి గోడమీద అదే ఎత్తున సుద్దముక్కతో గీత గీశాను, డిమ్‌లో పెడితే వెలుగు పై అంచు ఆ గీతకి కాస్త కిందుగా పడాలి, అంతే పని, వేశాను, పడలేదు, వెలుగు గోడ అడుగున, నేలకి ఆనుకుని, సిగ్గుతో తల దించుకున్నట్టు పడింది, రెండూ అంతే, ఎవరో స్క్రూ తిప్పి మరీ దించారు, ఈ లైటుతో పోతే ముందు చక్రం తప్ప ఏమీ కనపడదు, ఇక ఆగలేకపోయాను, చేతులు తుడుచుకోకుండానే ఫోన్ చేశాను, బావగారూ, ఈ లైట్లని ఏం చేశారు మీరు, బల్బులు మార్చారు, స్క్రూలు తిప్పారు, ఎవరిని చంపుదామని అన్నాను, వెనకాల టీవీ గోల, ఆయన నెమ్మదిగా, ఏ లైట్లమ్మా, ఆ బండి తాళం నా దగ్గర లేదు, దాని ముఖం చూసి ఏడాదవుతోంది అన్నాడు, అబద్ధాలు చెప్పకండి, పొద్దున తెచ్చి పెట్టింది ఎవరు అన్నాను, నేను కాదు, మీ అక్కని అడుగు అన్నాడు, అక్కకి ఫోన్ ఇవ్వండి అన్నాను, మళ్ళీ టీవీ గోల, మీ అక్క ఇక్కడ లేదమ్మా, పోయిన చలికాలంలోనే వెళ్ళిపోయింది, నేను పొమ్మనలేదు, తనే ఉండనంది, ఎవరికైనా చెప్పుకోండి కానీ చెల్లికి మాత్రం చెప్పొద్దంది, అందుకే చెప్పలేదు అన్నాడు, ఈసారి జోకు వెయ్యలేదు, నవ్వలేదు, ఫోన్ పెట్టేశాడు.

చూశావా, అనుకున్నాను, చూశావా, నేను చెప్పలేదూ, ఆ మనిషితో ఎవరూ వేగలేరని మొదటి రోజే చెప్పానా లేదా, అందరూ నన్నే నోరుగలదన్నారు, ఇప్పుడేమంటారు, మా ఆయనకి చెప్పాలి, ముందు మా ఆయనకే చెప్పాలి, పళ్ళు బయటపెట్టి నవ్వాడుగా ఆ రోజు, ఇప్పుడు నవ్వమనాలి, గోడ ముందు అటూ ఇటూ నడుస్తున్నాను, నా నీడ ఆ వెలుగులో నడుముదాకా లేదు, కాళ్ళే కనపడుతున్నాయి, ఇన్నేళ్ళ తరవాత గెలుపు నాది, చేతిలో స్క్రూడ్రైవర్ తిప్పుకుంటూ పాట కూడా తీశానేమో, లైటు పైకి ఎత్తాలి కదా, వంగి స్క్రూ మీద పెట్టాను, అప్పుడు కనపడింది దాని తలమీద రంగు చుక్క.

స్క్రూ సరైన చోట ఆగాక తలమీద, దాని పక్కన రేకు మీద, కలిపి ఒక చుక్క రంగు పెట్టాలి, అదురుకి స్క్రూ జరిగితే చుక్క రెండు ముక్కలవుతుంది, చూడగానే తెలుస్తుంది, ఇది నాన్న పద్ధతి, లారీలకి లైట్లు సరిచేసే షెడ్డులో నాన్న తప్ప ఇంకెవరూ ఇలా పెట్టగా నేను చూడలేదు, చుక్క చెక్కుచెదరలేదు, గోళ్ళ రంగు, ముదురు ఎరుపు, అక్క ఎప్పుడూ వేసుకునే రంగు, స్క్రూ ఎవరో పాడుచెయ్యలేదు, ఎవరో కూర్చుని శ్రద్ధగా పెట్టారు, మరి వెలుగు నేల మీద ఎందుకు పడుతోంది, ఆ ప్రశ్నకి జవాబు నాకు చిన్నప్పటినించీ తెలుసు, ఖాళీ బండికి లైటు ఎత్తు పెట్టకూడదమ్మా అనేవాడు నాన్న, రోజూ ఎంత మోస్తుందో అంత ఎక్కించి పెట్టాలి, వెనక బరువు పడితే ముక్కు లేస్తుంది, ముక్కుతోపాటు వెలుగు లేస్తుంది, ఎక్కించడానికి సరుకు లేనప్పుడు ఇటుకలు మోయించేవాడు మా ఇద్దరి చేతా, అక్క సీట్లో కూర్చునేది, నేను స్క్రూడ్రైవర్ అందించేదాన్ని, అంటే ఈ లైటు బరువు మీద పెట్టింది, వెనకాల బాగా బరువున్నప్పుడు, ఇప్పుడు ఆ బరువు దించేశారు కాబట్టి ముక్కు వంగి వెలుగు నేలకి దిగింది, వారాంతానికి వెళ్ళేవాళ్ళ సామానుకి ఇంత తేడా రాదు, నీళ్ళ ట్యాంకు నిండుగా ఉండాలి, అలమర నిండా బట్టలుండాలి, గిన్నెలు, కుట్టుమిషను, బియ్యం డబ్బా, ఒక మనిషి బతుకంతా ఉండాలి, వెనక తలుపు తెరిచాను, లోపల అద్దంలా తుడిచి ఉంది, మంచం పక్కన గోడకి ఒక మేకు, మేకు చుట్టూ అద్దమో గడియారమో ఉండి తీసేసిన తెల్లటి గుర్తు, అక్క ఇందులో కాపురం ఉంది, చలికాలం నించీ, స్టీరింగ్ పట్టుకోవడం రాని అక్క పొట్టి కాళ్ళకి సీటు ముందుకి లాక్కుని తనే నడుపుకుంది, నేను అమ్మేద్దామనగానే ఒక్కరోజులో అంతా దించేసి, తుడిచి, నీ ఇష్టం అంది.

ఎర్ర స్కూటరు మీద కొనేవాడు సరిగ్గా అప్పుడే వచ్చాడు, హెల్మెట్ తియ్యకుండానే గోడ వైపు చూసి, ఇదేంటమ్మా లైటు నేల నాకుతోంది అన్నాడు, అవునండీ, లైట్లు బాగా లేవు, ఇంజను అంతకంటే దరిద్రంగా ఉంది, బ్రేకుల సంగతి అడక్కండి, నేను అమ్మను అన్నాను, మరి రమ్మనడమెందుకు, పనులు మానుకుని వచ్చాను అని ఏదో గొణిగాడు, పొరపాటైంది, వెళ్ళండి అన్నాను, నేను అన్న తీరుకి ఇంకో మాట మాట్లాడకుండా వెళ్ళాడు, స్కూటరు పొగ పోయేదాకా నిలబడి అక్కకి ఫోన్ చేశాను, బట్టలుతికే యంత్రాల చప్పుడు, అక్క పనిచేసే లాండ్రీ, ఎక్కడ పడుకుంటావే ఇవాళ అన్నాను, హలో కూడా అనకుండా, ఇక్కడే పైన బట్టలు మడతపెట్టే గది ఉందే, ఉండమన్నారు, ఎవరు చెప్పారు నీకు అంది అక్క, లైట్లు చెప్పాయి అన్నాను, ఆ తెల్ల బల్బులు నువ్వేనా వేసింది అని అడిగాను, నేనేనే, పొద్దున చీకట్లో పనికి రావాలి, భయమేసేది, షాపువాడు ఇవైతే బాగా కనపడతాయన్నాడు, కనపడలేదే, అందరూ హారన్లు కొట్టి తిట్టేవాళ్ళు అంది, తప్పు చేసిన పిల్లలా అంది, నా మేడ మీద గది ఖాళీగా పడుంది, నీ చెల్లెల్ని, ఊళ్ళోనే ఉన్నాను, నాకెందుకు చెప్పలేదే, నన్నెందుకు పరాయిదాన్ని చేశావు అని అరిచాను, దుకాణంలోంచి ఎవరో తొంగిచూసేంతగా అరిచాను, అటువైపు యంత్రం ఒకటి ఆగింది, నీకెలా చెప్పనే అంది అక్క, కోపంగా అనలేదు, నిజంగానే ఎలా చెప్పాలో తెలియనట్టు అంది.

ఎలా ఏమిటి, చెప్పి ఉంటే పరిగెత్తుకుని వచ్చేదాన్ని, నీ సామాను నేనే మోసేదాన్ని, నిన్ను పట్టుకుని ఏడ్చేదాన్ని, అనడానికి నోరు తెరిచాను, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది, ఎందుకంటే అక్క ఇల్లు వదిలిందన్న మాట నేను విన్నాను, కాసేపటి క్రితమే విన్నాను, మీ అక్క ఇక్కడ లేదని బావ చెప్పినప్పుడు, ఎక్కడుందని నేను ఆయన్ని అడగలేదు, ఏం తింటోందో, ఎక్కడ పడుకుంటోందో ఒక్కటీ నాకు తోచలేదు, నేను గెలిచాననుకున్నాను, గోడ ముందు అటూ ఇటూ తిరిగాను, ఎవరికి ముందు చెప్పాలా అని లెక్కలు వేసుకున్నాను, ఆ కాసేపూ నాకు సంతోషంగా ఉంది, ఏళ్ళ తరబడి ఎరగనంత సంతోషంగా ఉంది, అక్క ఫోన్‌లో నా ఊపిరి వింటూ ఆగి ఉంది, నా దగ్గరికి వస్తే తలుపు తీసిన మరుక్షణం ఆ సంతోషాన్ని నా ముఖంలో చూడాల్సి వస్తుందని అక్కకి ముందే తెలుసు.