వంకర కుట్టు సంచి

నేను ఒక గోనెసంచిని. విజయనగరం వైపు ఒక జూటు మిల్లులో పుట్టాను. పుట్టగానే తిట్లు తిన్నాను. "కుట్టు వంకర, పక్కన పడెయ్," అన్నాడు సూపర్‌వైజరు గౌరునాయుడు. మిల్లు ఊడ్చే అసిరమ్మ నన్ను అడిగి ఇంటికి తీసుకుపోయి, నెలనెలా రేషన్ బియ్యం తెచ్చుకోవడానికి వాడుకుంది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. బియ్యం ఇచ్చే రోజు తెల్లారేసరికి రేషన్ డిపో ముందు సంచులం వరసగా ఉండేవాళ్లం, గాలికి ఎగరకుండా తలా ఒక రాయి కడుపులో పెట్టుకుని. మనుషులు పనులకు పోయి, డిపో తెరిచే వేళకు వచ్చేవారు. ఒకరి సంచిని ఒకరు ఏనాడూ జరపలేదు.

ఎదుటి టీకొట్టులో గౌరునాయుడు మాత్రం మమ్మల్ని చూసినప్పుడల్లా అందుకునేవాడు. "చవగ్గా బియ్యం పోస్తే పనికెవడొస్తాడు? మన పన్నులతో ఈళ్లని మేపాలేటి?" పన్ను కట్టేంత జీతం ఆయనకు ఏనాడూ లేదనుకోండి.

మిల్లు మూతపడింది. ఏడాది తిరిగేసరికి ఆయనకూ తెల్లకార్డు వచ్చింది. ఒకనాడు చంకలో దిండు గలీబు దాచుకుని వచ్చి వరస చివర నిలబడ్డాడు. వేల సంచులకు వంక పెట్టిన మనిషి ఇంట్లో ఒక్క సంచి లేదు! అంతలో డిపో తెరిచిన డీలరు, సరుకు సగమే వచ్చిందని, చివరివాళ్లకు అందదని చెప్పాడు. గౌరునాయుడి ఇంట్లో మూడు రోజులుగా పొయ్యి సరిగా వెలగడం లేదు. అయినా ఆయన తల దించుకుని వెనక్కి తిరిగాడు.

"ఏటి బాబూ, ఎల్లిపోతన్నారు?" అసిరమ్మ ఆ గలీబు లాక్కుని, రాయి వేసి, నా చోట పెట్టింది. నన్ను వరస చివరికి తీసుకెళ్లింది. "మీకు పిల్లలున్నారు. ఇక్కడ నిలబడేవి సంచులే గదా, సిగ్గెందుకు?"

ఆ రోజు నేను ఖాళీగా ఇంటికొచ్చాను. పొద్దువాలుతుండగా గౌరునాయుడు వచ్చి, గలీబులోంచి సగం బియ్యం నాలో పోశాడు. ఆమె వద్దంటున్నా వినలేదు. నా వంకర కుట్టును వేలితో తడిమి, "దీన్ని నానే పారెయ్యమన్నాను," అన్నాడు. నాకైతే ఏడుపొచ్చింది.

ఇప్పుడా సంచుల వరసలు లేవు. నేను చిరిగిపోయి, అసిరమ్మ గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టానయ్యాను. గౌరునాయుడు సర్కారిచ్చే ముసలి పింఛను తీసుకున్న రోజున వచ్చి కూర్చుని, ఊరికే డబ్బులు పంచి జనాన్ని పాడుచేస్తున్నారని ఇంకా వాదిస్తూనే ఉంటాడు. అసిరమ్మ నవ్వుతూ టీ పోస్తుంది.

వచ్చినవాళ్లంతా నా మీదే కాళ్లు తుడుచుకుంటారు. ఆయన మాత్రం చెప్పులు విప్పి, నన్ను తొక్కకుండా దాటి లోపలికి వస్తాడు.