ఒక్క సూది పచ్చబొట్లు

నానక్‌రామ్‌గూడలో తెల్లారేసరికి ఈశ్వరమ్మ పొయ్యి మీద పెనం కాలుతుంటుంది. జొన్నపిండిని వేడినీళ్లతో పిసికి, అంచు పగలకుండా చేత్తో చరిచి రొట్టె చేయడం ఆమెకు అత్తగారింట్లో పట్టుబడ్డ పని. అంచు పగిలిన రొట్టెను ఆమె అమ్మదు. పక్కన పెట్టి తానే తింటుంది. ఎండ ముదరకముందే రొట్టెలు గుడ్డలో చుట్టి, గంప చంకన పెట్టుకుని రోడ్డవతలి అపార్టుమెంట్లకు బయలుదేరుతుంది.

ఆ దిక్కున ఇప్పుడు క్యూఆర్ కోడ్ లేని వస్తువు లేదు. కొబ్బరిబోండాల బండికీ అదే, షేర్ ఆటో సీటు వెనకా అదే, దవాఖాన చీటీ మీదా అదే. హోటల్లో ఏమేం ఉన్నాయో తెలియాలన్నా బల్ల మీద అతికించిన కోడ్‌కు ఫోన్ చూపాల్సిందే. అపార్టుమెంటు గేటు దగ్గర పనిమనుషులు, సామాన్లు తెచ్చే పిల్లలు ఫోన్లలో కోడ్ తెరిచి వరసకట్టి నిలబడతారు. ఈశ్వరమ్మకు అలాంటి ఫోన్ లేదు. ఆమె ఎడమ చేయి చాపుతుంది. వయసులో ఉన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు ముంజేతి మీద చదరంగా, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. వాచ్‌మన్ రాకేశ్ దానికి మిషన్ చూపిస్తే టింగుమని మోగి గేటు తెరుచుకుంటుంది.

"జర పిండి తుడువు అవ్వా, చుక్కలు కనవడ్తలేవు," అంటాడు రాకేశ్ ఒక్కోరోజు.

"ముందుగాల నీ మిషన్ కండ్లు తుడువు," అంటూనే ఆమె కొంగుతో చేయి తుడుచుకుంటుంది. "ఏం రాసిందో సదువు."

"ఈశ్వరమ్మ. రొట్టెలు. లోపలికి పంపవచ్చు."

"గారు అని లేదా?"

"లేదవ్వా."

"ఉండాలె."

ఆషాఢం వెళ్లిన తర్వాత ఒక పొద్దున మిషన్ టింగుమనలేదు. గొంతు పూడినట్టు గుర్రుమంది. రాకేశ్ చదివి, మళ్లీ చదివి తల గోక్కున్నాడు.

"సీతాబాయి, కొత్తగూడ అని వస్తున్నదవ్వా. గంతే."

గేటు తెరుచుకోలేదు. ఈశ్వరమ్మ ముఖం నల్లబడింది.

సీతాబాయి ఆమెకు యారాలు, మరిది పెండ్లాం. చిన్నకోడలు కాపురానికొచ్చిన రోజుల్లో అత్త ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే సూదితో, ఒకే పసరుతో పచ్చబొట్లు పొడిపించింది. "పోయేనాడు సొమ్ములు రావు, చీరెలు రావు. ఇది వస్తది. దీన్ని చూసే మిమ్ములను అక్కడ గుర్తువడ్త," అన్నది.

ఆ ఇంటి బోనం ఊరేగింపులో మొదటిది. దాన్ని పెద్దకోడలే ఎత్తాలి. ఒక ఏడు ఈశ్వరమ్మ కొడుకు జ్వరంతో కాలిపోతుంటే, వాణ్ని పండబెట్టి, తలకు పోసుకుని, కుండకు పసుపు పూసి వచ్చేసరికి డప్పులు కదిలిపోయాయి. బోనమెత్తుకుని అందరి కన్నా ముందు సీతాబాయి నడుస్తున్నది. "ఆలస్యమైతే అమ్మవారికి కోపమొస్తదని ఎత్తిన అక్కా," అన్నది తర్వాత. ఈశ్వరమ్మ తన కుండను గడప లోపలే దించేసింది. ఆనాటి నుంచి ఆమెతో మాటల్లేవు. తన మనవరాలికి చెవులు కుట్టించినప్పుడు సీతాబాయి మనిషిని పంపింది, ఈశ్వరమ్మ పోలేదు. మరిది పోయిననాడు మాత్రం పోయి, శవానికి దండం పెట్టి, ఆమె ముఖం చూడకుండా తిరిగొచ్చింది. మనిషిని పంపితే చెల్లదు. చిన్నది తానే రావాలి, తప్పైందని నోటితో అనాలి.

"ఎవడు రాసిండు దాని పేరు? తుడిచెయ్యి!"

"నేను రాయలేదవ్వా. నీ చెయ్యే చెప్తున్నది."

రొట్టెల కోసం కిందికి దిగిన ఉదయ్ భాస్కర్ ఇదంతా విన్నాడు. కాకినాడ మనిషి, ఇక్కడ కంపెనీలో ఉద్యోగం, షుగరొచ్చాక రాత్రిపూట జొన్నరొట్టే తింటున్నాడు. "ఏదండీ, చెయ్యి ఇలా ఇవ్వండి," అని తన ఫోన్ చూపించాడు. "ఫ్లైఓవర్ పక్క సందండీ ఈశ్వరమ్మగారూ. దారి కూడా చూపిస్తోంది."

"దారి నాకెరుకే. రావల్సింది అది."

అతను చేతికేసి వంగి చూశాడు. "చుక్కలు పోతున్నాయండీ. ఈ మూల చూడండి."

నిజమే. మోచేతి వైపు చర్మం పసిపిల్ల చేయిలా తేటగా ఉంది.

"కొంచెం చెరిగినా ఫోన్ చదివేస్తుందండీ. మరీ చెరిగితే మాత్రం చదవదు."

"సదవకుంటే ఏమైతది?"

"ఎవరిదో తెలియదు కదండీ."

ఇంటికి పోయి ఆమె పోయిన చుక్కలను కాటుకతో దిద్దుకుంది. మర్నాడు మిషన్ వాటిని పట్టించుకోలేదు. "కాటుక సదవదవ్వా ఇది," అన్నాడు రాకేశ్ మెల్లగా. ఆ తర్వాత గేటు తెరుచుకోలేదు. ఆమె బయటే కూర్చుని అమ్మింది. రోజూ చేయి చాపింది, రోజూ అదే పేరు విన్నది, రోజూ ఛీ అన్నది. చుక్కలు మాత్రం పలచబడుతూనే ఉన్నాయి. ఒక పొద్దున మిషన్ చాలాసేపు తడుముకుని "సీతా" అని మాత్రం చూపి ఆగిపోయింది.

ఈశ్వరమ్మ గంప దించింది. "ఏవి ఎవరియ్యో నీకెరుకే. ఇచ్చెయ్," అని రాకేశ్‌కు అప్పగించి ఆటో ఎక్కింది.

కొత్తగూడలో తలుపు తీసింది సీతాబాయి కొడుకు ఆకాష్. "పెద్దమ్మా!" అని ఒక అడుగు వెనక్కి వేశాడు. "అమ్మ ఎవ్వర్నీ గుర్తువడ్తలేదు పెద్దమ్మా. నన్ను గూడ. నోట్లె మెతుకు పెడితే ఉంచేస్తున్నది. దవాఖానల ఇంటికి తీస్కపొమ్మన్నరు."

మంచం మీద సీతాబాయి ముడుచుకుని ఉంది. ఆమె ముంజేయి బోసిగా ఉంది.

"పచ్చబొట్టేది?"

"ఒక్కొక్క చుక్కే పోయింది."

దారిపొడుగునా కూడగట్టుకున్న మాటలు ఈశ్వరమ్మ నోటి దాకా వచ్చాయి. సీతాబాయి కళ్లు గోడను చూసినట్టే ఆమెనూ చూసి పక్కకు పోయాయి. ఇన్నేళ్ల కోపానికి అవతల మనిషే లేదు. రేపు పోయాక అక్కడ అత్త కూడా దీన్ని గుర్తుపట్టదు.

మంచం పట్టె మీద కూర్చుని, తన చేతిని కొంగుతో తుడుచుకుని, సీతాబాయి బోసి చేతి మీద ఆనించింది. చర్మం వెచ్చబడింది. చుక్కలు చీమల బారులా కదిలి, ఒకదాని వెనక ఒకటి అవతలి చేతి మీదికి నడిచాయి. గాలికి చెదురుతాయేమోనని ఆకాష్ ఫ్యాను ఆపాడు.

కొన్ని దాటాక ఆమె చేయి తీసేస్తే తీసేయవచ్చు. తన పేరుకు, తన గేటుకు, తాను పోయేనాటికి నాలుగు చుక్కలు మిగిలేవి. కాని సగం సగంగా ఉంటే ఏ చేతినీ మిషన్ చదవదు. ఆఖరి చుక్క దాటేదాకా ఆమె పట్టు వదల్లేదు.

సీతాబాయి కళ్లు తిరిగొచ్చి ఆమె ముఖం మీద ఆగాయి.

"అక్కా."

"నీ మీద నా కోపం పోలే," అన్నది ఈశ్వరమ్మ.

"పోనియ్యకు," అన్నది సీతాబాయి, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ. "రేపు గూడ వచ్చి తిట్టు."

ఈశ్వరమ్మ తన బోసి చేతిని కొంగులో దాచుకుని, ఆకాష్ తెచ్చిన అంబలి గిన్నె రెండో చేత్తో అందుకుంది.