రెట్టింపు వేగం

“వదినా, పదైదు మందికి ఉగ్గాని చేసిపెట్టు. పాట నీదే గదా,” అన్నాడు వంశీ, పొద్దున్నే. పాట తనదైతే బొరుగులు నానబెట్టాల్సింది కూడా తనే ఎందుకయిందో చౌడేశ్వరికి అర్థం కాలేదు. అయినా నానబెట్టింది. ఉల్లిగడ్డలు కోసింది. మిరపకాయ బజ్జీలు కూడా వేసింది, ఎందుకంటే కెమెరా అతనికి అవి లేకుంటే ముద్ద దిగదట.

పాట నిజంగా ఆమెదే. చెనక్కాయ చేలో కలుపు తీస్తూ మాటలు తనే కట్టింది, వరస కూడా తనే కట్టింది. మరిది విని, అనంతపురం తీసుకెళ్లి స్టూడియోలో రెండు చరణాలు పాడించాడు. మూడోది అప్పటికింకా కుదరలేదు. పోయిన నెల పొయ్యి దగ్గర కుదిరింది. ఇప్పుడు ఆ పాటకు వీడియో తీస్తున్నాడు. పోస్టరు మీద ‘రచన, దర్శకత్వం: వంశీ’ అని పడింది. నా పేరేదని ఆమె ఒక్కసారే అడిగింది. ఇంటి ఆడోళ్ల పేరు ఊరంతా ఎందుకన్నాడు వంశీ. మొగుడు విష్ణువర్ధన్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే, “వాని పేరుంటే మన పేరున్నట్టే గదే,” అన్నాడు. ఆ ‘మన’లో తను ఎక్కడుందో ఆమె చాలాసేపు వెతుక్కుంది.

పాటలో కనిపించే అమ్మాయి నందిని ధర్మవరం నుంచి వచ్చింది. ఖాళీ బిందె నడుముకు ఆనించుకుని గట్టు మీద వయ్యారంగా నడిచింది. బిందెలో నీళ్లుంటే నడుము అట్లా తిరగదని చౌడేశ్వరికి తెలుసు. కెమెరాకు తెలియదు. వంశీకి తెలుసుకోవాలనే లేదు. “పల్లెటూరి పిల్లంటే ఇట్లుండాల,” అన్నాడు. పుట్టి బుద్ధెరిగినాక ఒక్క బిందె మోయనివాడు పల్లెటూరి పిల్ల గురించి అందరికీ చెబుతుంటే ఆమెకు నవ్వొచ్చింది.

తర్వాత కలుపు తీసే చేతులు దగ్గరగా చూపించాలన్నారు. నందినికి కలుపేదో పైరేదో తెలియదు. అందుకని ఆమె గాజులు తీసి చౌడేశ్వరికి తొడిగారు. పగిలిన వేళ్ల మీద పౌడరు రాశారు. “తల కనపడకుండా వంగు వదినా,” అన్నాడు వంశీ. ఒక మనిషిలోంచి చేతులు మాత్రం అడుక్కుని, మిగతాది పక్కకు తప్పుకోమనడం వానికి తప్పుగా అనిపించలేదు. అత్త రామాంజినమ్మకూ అనిపించలేదు. “నీ మొగం ఎవురు చూస్తారే, వంగు,” అంది.

మధ్యాహ్నం స్పీకరులోంచి చౌడేశ్వరి గొంతు ఎలుక కీచుమన్నట్టు వచ్చింది. అందరూ పడీపడీ నవ్వారు. పాటను రెండింతల వేగంతో పెట్టి, దానికి సరిగ్గా పెదవులు కదిపించి, ఆ తర్వాత బొమ్మను సగం వేగానికి తగ్గిస్తారట. అప్పుడు పాట మామూలుగా వినిపిస్తుంది, మనిషి మాత్రం గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తుంది. నందిని గసపెడుతూ, చెమటలు కారుస్తూ పెదవులు కదిపింది. వేగం తగ్గించి కెమెరా తెరమీద చూస్తే ఆమెకు లోకంలో పనే లేనట్టుంది. జుట్టు మెల్లగా ఎగిరింది, కొంగు మెల్లగా జారింది.

చౌడేశ్వరి కళ్లార్పకుండా చూసింది. చుట్టాలు వచ్చినప్పుడల్లా అనే మాట గుర్తొచ్చింది. ‘మీ ఇంట్లో అన్నీ నిమ్మళంగా జరిగిపోతాండాయి.’ విష్ణువర్ధన్ అరుగు మీద ఒక గ్లాసు టీని అరగంట తాగుతాడు. ఆ అరగంటలో ఆమె నీళ్లు పట్టి, గొడ్ల దగ్గర ఊడ్చి, సంగటి కెలికి, పిల్లలకు జడలు వేస్తుంది. చుట్టాలు చూసేది ఆ టీ గ్లాసునే.

నందిని వచ్చి పక్కన కూలబడి నీళ్లడిగింది. “ఈ గొంతు ఎవరిది అన్నా, శానా బాగుండాది,” అని వంశీని అడిగింది. వంశీ వదిన వైపు చూశాడు, మళ్లీ కెమెరా వైపు తిరిగాడు. “ఎవరో స్టూడియో మనిషిలే,” అన్నాడు.

పొద్దు వాలుతుండగా వానికి మూడో చరణం కావాల్సి వచ్చింది. ఈ బంగారు వెలుతురు ఇంకో పావుగంటే ఉంటుందట. ఇప్పటికి ఫోన్‌లోకి పాడితే చాలట, నందిని దానికి పెదవులు కలుపుతుందట.

“నేను పాడను,” అంది చౌడేశ్వరి.

“పొద్దన పొయ్యి కాడ పాడతాంటివి గదే,” అన్నాడు గట్టున కూర్చుని చూస్తున్న విష్ణువర్ధన్.

“మీరు ఈడికి నా చేతుల్ని పిలిచినారు. చేతులు పాడవు.”

గాజులు ఒక్కొక్కటే తీసి నందిని ఒళ్లో పెట్టింది. “ఆ గొంతు నాదేనమ్మా. నా పేరు చౌడేశ్వరి,” అని చెప్పి లేచింది.

వెలుతురు పోతాండాదని వంశీ బతిమాలాడు. పదైదు మందికి సంగటి ఎప్పుడు చేస్తావే, బిరీన నడువు అని అత్త అరిచింది. గట్టు మీద చౌడేశ్వరి మూడో చరణం మొదలుపెట్టింది, తనకు మాత్రమే వినపడేంత మెల్లగా. అడుగులు కూడా దాని వరసలోనే పడ్డాయి. పెళ్లయిన పదకొండేళ్లలో ఆ గట్టు దాటడానికి ఆమె అంతసేపు ఎన్నడూ తీసుకోలేదు.